కుడిచెంప పుట్టుమచ్చ

ఆ టీవీ సీరియల్‌లో రెండు వేషాలూ వేసే హీరో ఒక్కడే అయినా, అందరూ మేకప్ పిన్ని అని పిలిచే ఆవిడకి మాత్రం ఇద్దరు. ఎడమచెంప మీద పుట్టుమచ్చ పెడితే అసలువాడు. కుడిచెంప మీద పెడితే వాడి ఒంటి కణంతో ల్యాబులో పుట్టించిన నకలు. కళ్లద్దాలు ముక్కు కొసకి జార్చుకుని, ఊపిరి బిగబట్టి మచ్చ దిద్దుతుంది. అసలువాడైతే "కాస్త ఇటు తిరగండి బాబూ" అంటుంది. నకలైతే "కదలకురా నాన్నా" అని, పని కాగానే డబ్బా మూత తీసి ఇంట్లో చేసిన బిస్కెట్లు పెడుతుంది. "గాజుపెట్టెలో పుట్టినవాడు, తల్లి చేతి తిండి ఎరగడు పాపం" అంటుంది. ఎవరు నవ్వినా చెవిన పెట్టదు.

నిన్న షూటింగులో నకలుని చంపేశారు. ఇవాళ పిన్ని ముక్కు ఎగబీలుస్తూ ఎడమచెంప మీద మచ్చ పెట్టి, డబ్బాని సంచి అడుక్కి తోసేసింది. హీరో కుర్చీలోంచి లేవలేదు. అద్దంలోకి కాసేపు చూసుకున్నాడు. దూదితో ఆ మచ్చ తుడిచేసుకుని, పెన్సిలు అందుకుని, కుడిచెంప మీద తనే వంకరటింకరగా ఒకటి పెట్టుకున్నాడు.

"ఆకలేస్తోంది పిన్నీ," అన్నాడు.

ఆవిడ వెంటనే డబ్బా తియ్యలేదు. ముందు వాడి గడ్డం పట్టుకుని, ఆ మచ్చని గుండ్రంగా సరిదిద్దుతూ, "కదలకురా నాన్నా" అంది.