కడగని దాణా సంచి

మొన్న మా కోడలు వనపర్తి నుంచి వస్తూ భుజానికి ఒక కొత్త సంచి తగిలించుకుని వచ్చింది. అక్కడ బడిలో పంతులమ్మగా చేస్తుంది, వారానికొకసారి మా ఊరికి వస్తుంది. సంచి మీద బర్రె తల బొమ్మ, దాని కింద సగం తెగిపోయిన అక్షరాలు, అంచులకు ఎర్ర గుడ్డ, లోపల ఫోను పెట్టుకోవడానికి చిన్న జేబు. "చూడు అత్తమ్మా, దాణా సంచితోని కుట్టిన్రంట! ఇప్పుడు అందరు గివే ఏసుకుంటున్నరు. ఎంత మంచిగున్నదో!" అని నా ముందు అటూ ఇటూ తిప్పి చూపించింది. బాగుందన్నాను. అంటూనే మొహం అటు తిప్పుకున్నాను. పిల్ల మీద కోపం కాదు, సంచి మీదా కాదు. సరిగ్గా ఇట్లాంటి బర్రె బొమ్మ సంచికి, సరిగ్గా ఇదే చోట జేబు పెట్టి ఎప్పుడో కుట్టేసిన మనిషి మా గోడ అవతలే ఉంటుంది. ఆమె నా తోడికోడలు. నాకిప్పుడు యాభై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఓర్వలేనితనం సిగ్గుచేటని తెలుసు. తెలిస్తే తగ్గేదైతే ఎప్పుడో తగ్గి ఉండేది.

మాది తెలకపల్లి దగ్గర పల్లె. అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకుని మధ్యలో గోడ పెట్టుకున్నారు. పొయ్యిలు వేరయ్యాయి, చేన్లు వేరయ్యాయి. బర్ల కొట్టం మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది, ఎందుకంటే దాని మీద అజమాయిషీ మా అత్తది. ఆమె ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి పేడ ఎత్తాను, పాలు పిండాను, ఎన్ని కాన్పులు చేశానో, బర్లవే లెండి, ఒక్కరోజైనా "మంచిగ జేసినవ్" అన్న పాపాన పోలేదు. అననీ, ఆమె తత్వమే అంత అని సర్దుకున్నాను. ఇంతలో అలంపూర్ అవతల నది ఒడ్డు ఊరి నుంచి చిన్నకోడలు వచ్చింది. వచ్చిన నెలకే అత్త ఆ మాట ఆమెకు పడేసింది. దేనికయ్యా అంటే, ఖాళీ దాణా సంచికి.

దాణా బస్తాల మూతి మిషను కుట్టుతో బిగించి వస్తుంది. నేను దాన్ని కొడవలితో పరపరా కోసేదాన్ని. సంచి మూతి పీచులు పీచులుగా లేచి ఎందుకూ పనికిరాకుండా పోయేది. ఈమె వచ్చిన కొత్తలో ఒకరోజు బస్తా ముందు కూర్చుని, కుట్టు కొస ఏదో గిల్లి, రెండు వేళ్లతో లాగింది. సర్రున దారమంతా ఒక్క ఊపులో ఊడి వచ్చింది. ఆ దారాన్ని వేలికి చుట్టి ఉండలా చేసి గూట్లో పెట్టింది, సంచి చెక్కుచెదరలేదు. అత్త నోరు తెరిచి చూసింది. "మంచిగ జేసినవే!" అన్నది. నా చెవులతో విన్నాను. అడిగితే ఒక్క నిమిషంలో నేర్పేదే, కానీ నేనడగడమా? దొంగచాటుగా ఆమెకు ఎదురుగా నిలబడి, ఏ చేతి వైపు కొస గిల్లుతుందో చూసి పెట్టుకున్నాను. మర్నాడు ఎవరూ లేనప్పుడు అట్లాగే గిల్లి లాగితే కుట్టు బిగుసుకుని ముడి పడింది. ఇంకా లాగాను, వేలు కోసుకుపోయింది. ఎదురుగా నిలబడి చూస్తే ఆమె కుడి నాకు ఎడమవుతుందని బుర్రకు తట్టడానికి రెండు వారాలు పట్టింది.

అక్కడి నుంచి ఖాళీ సంచులు ఆమె రాజ్యమైపోయాయి. నాలుగు సంచులు విప్పి, దబ్బనంతో కలిపి కుట్టి పల్లికాయ ఎండబెట్టుకునే పట్టా చేసింది. ఒక మూలను ఇంకో మూలలోకి దోపి అత్తకు వాన పడితే తల మీద వేసుకునే గొంగడిలాగా చేసింది. బాయి కాడ మోటారు డబ్బాకు తొడుగు కుట్టింది. తానాల గది తడకకు లోపలి వైపు కట్టి చలిగాలి ఆపింది. సంచి అడుగున కాల్చిన ఇనుప మొలతో చిల్లులు పొడిచి, మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపి, మూతి కిందికి మడిచి అందులో కాకర విత్తు పెట్టింది. నేను నేలలో పెట్టిన కాకర పూతకు రాకముందే ఎండిపోయింది. ఆమె సంచిలోది గోడెక్కి, అవతల చోటు లేనట్టు నా వైపే వచ్చి కాసింది. "కోసుకో అక్కా, నీ దిక్కే కాసినయ్ గద" అనేది. కోసుకుని వండేదాన్ని. ఇంట్లో అందరూ కమ్మగా ఉందని తింటే నాకొక్కదానికే చేదు తగిలేది.

అన్నిటికన్నా నన్ను కాల్చింది మాత్రం అంగడి సంచి. జేబు పెట్టి, భుజానికి పట్టీ వేసి అత్తకు కుట్టి ఇచ్చింది. అత్త దాన్ని తగిలించుకుని నాగర్‌కర్నూల్ అంగడికి పోతే కూరగాయలామెకు చూపించేది, బస్సులో పక్క సీటామెకు చూపించేది, అడగని వాళ్లకు కూడా చెప్పేది: "మా చిన్నది కుట్టింది." నేను పక్కనే కూర్చుని ఉండేదాన్ని. పెద్దది ఒకతి ఉందని బస్సులో ఎవరికీ తెలిసేది కాదు. నేనూ ఒకటి చెయ్యాలి, అత్త నోటితో నలుగురిలో "మా పెద్దది జేసింది" అనిపించుకోవాలి, ఇదొక్కటే నా మనసులో పట్టుకుంది. బంగారం అడగలేదు, భూమి అడగలేదు. ఆ ఒక్క ముక్క.

మా తోడికోడలికి ఒక చాదస్తం ఉండేది. ఏ సంచినైనా ముట్టుకునే ముందు తిరగేసి, దులిపి, సోడా నీళ్లలో నానబెట్టి, రుద్ది, లోపలొక రోజు బయటొక రోజు ఎండబెట్టేది. "సంచికి తలంటు బోస్తున్నవానే?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వి ఊరుకునేది. అదంతా అత్త కళ్లలో పడడానికి చేసే హంగామా అని నా నమ్మకం.

పద్నాలుగేళ్ల కిందట, చలి బాగా ముదిరిన రోజుల్లో మా పెద్ద బర్రె ఈనింది. దుడ్డె బలహీనంగా పుట్టి గజగజా వణుకుతుంది. ఇదే సందు అనుకున్నాను. తోడికోడలు చేనుకు పోయి ఉంది. ఆ పొద్దున్నే ఖాళీ అయిన సంచులు రెండు తీసి, మధ్యలో గడ్డి పరిచి కుట్టి, దుడ్డెకు చలికి కప్పే మంచి జూలు తయారుచేశాను. కడగడానికి తీరిక ఎక్కడిది, ఆమె తిరిగి వచ్చేలోపు అత్త చూడాలి కదా. వీపు మీద కప్పి పొట్ట కింద ముడి వేశాను. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. అత్త పక్కింటికి పోయింది, ఆమె వచ్చి చూస్తే ఏమంటుందో ఊహించుకుంటూ ఇంట్లోకి పోయి బియ్యం కడుక్కున్నాను.

సంచికి దాణా వాసన, దాణాలో కలిపే బెల్లం మడ్డి జిగట ఇంకా అంటుకునే ఉన్నాయి. తల్లి బర్రె బిడ్డను నాకుతూ నాకుతూ జూలును నాకింది, తరువాత కొరికింది, తరువాత ఒక పేలిక చీల్చి మింగింది. నేను అన్నం వార్చి వచ్చేసరికి బర్రె మెడ చాచి నిలబడి చొంగ కారుస్తుంది, డొక్క ఉబ్బిపోయి డోలులా ఉంది. ఇద్దరి ఇళ్లలో పిల్లలు తాగేది ఆ బర్రె పాలే. నా అరుపులకు మనుషులొచ్చారు. మరిది బండి మీద పోయి పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. నలుగురు పట్టుకుంటే ఆయన బర్రె గొంతులోకి చెయ్యి పెట్టి మూరెడు ప్లాస్టిక్ పేలిక బయటికి లాగాడు. "జర ఆలిశమైతే పానం పోతుండె" అన్నాడు. బర్రె పెద్దగా ఊపిరి వదిలింది. నేను కూడా.

అప్పటికి అత్త వచ్చింది, తోడికోడలూ చేను నుంచి ఉరికొచ్చింది. అత్త దుడ్డె వీపు మీద చిరిగిన జూలును చూసింది. "ఎవరు కట్టిండ్రు దీన్ని?" అన్నది. నేను బర్రె మూతికి అంటిన చొంగ తుడవడం మొదలుపెట్టాను. తోడికోడలు జూలు కుట్టును చూసింది. నా కుట్టు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదా? దబ్బనం పోట్లు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. నా మొహం చూసింది. "నేనే అత్తా. కడగకనే కట్టిన. తప్పైంది" అన్నది.

సంచి పని ఏదైనా ఆమెదే అని కొట్టంలో రాయికి కూడా తెలుసు కాబట్టి అత్త ఇంకేమీ అడగలేదు. ఊరంతా వినేటట్టు తిట్టింది. తిట్టి తిట్టి చివరికి నా వైపు వేలు చూపించి, "గంత తెలివి ఉండి ఏం ఫాయిదా? పెద్దదాన్ని జూసి నేర్చుకో. ఏది జేసినా నిమ్మలంగ ఆలోచించి జేస్తది" అన్నది. నలుగురిలోనే అన్నది. ఏళ్ల తరబడి నేను ఎదురుచూసిన మాట అదే. నేను తల వంచుకుని నిలబడ్డాను. చూసేవాళ్లకు అణకువలాగా కనబడి ఉంటుంది.

ఆ తర్వాత అత్త పోయేదాకా ఆ అభిప్రాయం మార్చుకోలేదు. వచ్చిన చుట్టాలకు "పెద్దదే నయం" అని చెప్పేది. అన్నప్పుడల్లా నాకు సంతోషమూ వేసేది, ఒళ్లూ మండేది. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటూనే ఆమెను కాటికి పంపాను. సంచులు కుట్టడం తోడికోడలికి వచ్చు, నాకు రాదు, అది సరే. అందరి ముందు తిట్లు మీద వేసుకోవడం కూడా ఆమెకే రావాలా? ఆ రోజు నుంచి నా ఏడుపు సంచుల మీది నుంచి లేచి అక్కడికి పోయి కూర్చుంది.

నిన్న పొద్దున ఇక ఉండబట్టలేక గోడ చుట్టూ తిరిగి ఆమె ఇంటికి పోయాను. అరుగు మీద చింతపండు గింజ తీస్తుంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు కొట్టి, "చెల్లె, గా దినం నువ్వు ఎందుకు మీదేసుకున్నవే?" అని అడిగాను.

"ఏ దినం?" అన్నది. నిజంగానే గుర్తులేదు. బర్రె, దుడ్డె, డాక్టరు, అన్నీ నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పాక పకపకా నవ్వింది.

"గదా! అత్త నన్ను తిడితె పొద్దుగూకేసరికి నేను మరిచిపోత. నిన్ను తిడితె నువ్వు పదేండ్లు యాదిపెట్టుకుంటవక్కా. గన్ని దినాలు నీ మొకం ఎవరు జూడాలె?" అని మళ్లీ చింతపండులో చెయ్యి పెట్టింది.

పదేళ్లన్నది. తిట్టు పడి ఉంటే నిజంగానే పదేళ్లకు మరిచిపోయేదాన్నేమో. పడని తిట్టుకు ఈ చలికాలంతో పద్నాలుగేళ్లు నిండాయి.