బాల్కనీలో నాన్నగారు

నా చదువు తొమ్మిదో తరగతితో ముగిసింది. బుర్ర అంతకు రెండేళ్ళ ముందే ముగిసిందని మా నాన్నగారి అభిప్రాయం. ఆయన లెక్కల మాస్టారు, లెక్క తప్పరు. అలాంటి నేను కెనడాలోని స్కార్‌బరోలో గ్రీకు తత్వశాస్త్రం నేర్చుకోబోయి, అద్దె ఇంటి సీలింగు మంచం మీదికి ఎలా తెచ్చుకున్నానో చెబుతాను. మీరు నవ్వుకోండి. అప్పుడు నాకైతే నవ్వు రాలేదు.

ఇంటి ఓనరు స్పైరో గారు గ్రీకు దేశస్థుడు, రిటైరైన స్కూలు మాస్టారు. కింద ఆయన, పైన నేనూ మా ఆవిడ రమా. ఆ ఏప్రిల్లో మా సీలింగు పైనుంచి పసిపిల్ల ఏడుపు వినిపించేది. ఇంట్లో పిల్లలెవరూ లేరు. పొద్దున్నే చూస్తే బాల్కనీ అద్దం మీద చిన్న చిన్న ఐదువేళ్ళ ముద్రలు. రమ తుడిచేసేది. మర్నాటికి మళ్ళీ ఉండేవి.

స్పైరో గారికి చెబితే కాఫీ పోసి, తాపీగా అన్నారు: “మా పాత గ్రీకుల్లో కొందరు, మనిషి పోయినా ఆత్మ పోదు, ఇంకో ఒంట్లోకి మారుతుందనేవారు. ఎవరో కుక్కపిల్లను కొడుతుంటే ఒకాయన ఆపాడట, ఆ అరుపులో చచ్చిపోయిన స్నేహితుడి గొంతు వినిపించిందని.”

“మిగతా గ్రీకులేమన్నారంకుల్?”

“చావుతో అంతా సరి, భయపడ్డానికి మనమే మిగలం అన్నారు.”

“మరి మీరే పార్టీ?”

“మా ఆవిడ పోయినప్పటినుంచి రోజుకో పార్టీ.”

నేను వెంటనే మొదటి పార్టీలో చేరిపోయాను. ఎందుకంటే ఆ వారమే నాన్నగారి తద్దినం. బడి మానేశానని నాతో మాటలు మానేసిన మనిషి, ఆ పంతంతోనే పోయారు. కాకి వచ్చి ముద్ద ముట్టుకుంటే నన్ను క్షమించినట్టేనని లోపల అనుకున్నాను.

తద్దినం రోజు మధ్యాహ్నం పొగమంచు పక్కింటిని మింగేసింది. కాకి జాడ లేదు. బాల్కనీలో పేపరు ప్లేటు నిండా అన్నం, గారెలు, కాకరకాయ కూర చల్లారిపోతున్నాయి. అప్పుడు మంచులోంచి ఏదో వచ్చింది. రకూన్! ఈ ఊళ్ళో చెత్తబుట్టలు దోచుకు తినే జంతువు. కళ్ళ చుట్టూ నల్లటి పట్టీ, అచ్చం నాన్నగారి కళ్ళజోడు. భోజనానికి కూర్చునే ముందు ఆయన రుద్దుకున్నట్టే రెండు చేతులూ రుద్దుకుంది. గారె తింది. ఆయనకు పడని కాకరకాయ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. తర్వాత తలెత్తి చూసింది. ప్రోగ్రెస్ కార్డు చూసే చూపు!

తలుపు తీసి మోకాళ్ళ మీద పడ్డాను.

“నాన్నగారూ! కార్డు మీద మీ సంతకం పెట్టింది తమ్ముడు కాదండీ, నేనే. బడి మానేసింది సినిమాలకోసం కాదు. మీ క్లాసులో కూర్చోవాలంటే భయమేసి...”

అది ఇంకో గారె పట్టుకుని, నిదానంగా గోడెక్కి కప్పు సందులో దూరింది. ఆ క్షణమే పైన పసిఏడుపు ఆగిపోయింది.

“ఎవరితోనండీ మాటలు?” అంది వెనకనుంచి రమ.

“మీ మావయ్యగారితో.”

మర్నాడు సంగతి విని స్పైరో గారు రకూన్లు పట్టేవాణ్ణి పిలుస్తానన్నారు. “వద్దంకుల్, ఆయన మా నాన్నగారు!” అన్నాను. ఆయన ఫోను పక్కన పెట్టి, సరేనన్నారు. ఆ రోజు ఆయనది మొదటి పార్టీ కాబోలు. పదిరోజులు వేడివేడి గారెలు వడ్డించాను. పదకొండో రోజు సీలింగు విరిగి, నాన్నగారు మా మంచం మీద పడ్డారు.

పట్టేవాడు వచ్చి, పైకెక్కి చూసి, “ఇది తల్లి. పైన నాలుగు పిల్లలున్నాయి,” అన్నాడు.

దుప్పటి మీది సున్నం దులుపుకుంటూ, కళ్ళజోడున్న ఏ జంతువు ముందూ ఈ జన్మలో పాపాలు ఒప్పుకోనని చెయ్యెత్తి ప్రమాణం చేశాను. “ఇన్నాళ్ళూ అనవసరంగా గారెలు పెట్టాను రమా. వచ్చింది నాన్నగారు కాదు, ఆయన క్షమించనేలేదు.”

రమ చీపురు పక్కన పెట్టింది.

“క్షమించకుండానే పురుడు పోసుకోడానికి మనింటికొచ్చారా?”