ఏడో ఫైలులో తొమ్మిది సెకన్లు

పోయినవాటిని ముందు లెక్క వేస్తాను. మా పెళ్ళి క్యాసెట్టు మూడు గంటలది. వీడియో తీసినాయన దాని మీద మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు ఎక్కించి ఇచ్చాడు. అప్పట్లో అదే గొప్ప. అంటే మూడు గంటల మాటలు పోయాయి. సన్నాయి పోయింది, పంతులుగారి మంత్రాలు పోయాయి, వంటల దగ్గర మా మేనత్త వేసిన కేకలు పోయాయి. తర్వాత మేనత్తే పోయింది. అమ్మ పోయింది, నాన్న పోయాడు. మా ఇళ్ళలోకి ఫోన్లు వచ్చేలోపే వెళ్ళిపోయాడు కాబట్టి ఆయన గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. చివరికి క్యాసెట్టుకు బూజు పట్టి అదీ పోయింది.

మిగిలినవి మా అక్క చెప్పిన మాటలు.

అక్కకు ఎనిమిదో ఏట జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. మాట మాత్రం నిలబడింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవడం తనంతట తనే నేర్చుకుంది, నేను పత్తి మిల్లులో కాటా పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకున్నట్టే. క్యాసెట్టు పెట్టినప్పుడు మేమంతా పాటలు వినేవాళ్ళం. మాటలు తెలిసేది ఆమె ఒక్కదానికే. మా పిల్లలు చుట్టూ చేరి, "అత్తా, ఇక్కడ ఈమె ఏమంటోంది?" అని అడిగేవాళ్ళు. "పప్పుచారులో ఇంత ఉప్పెవడు కొట్టాడ్రా అంటోంది" అని ఇల్లంతా వినపడేట్టు చెప్పేది. నిజమో కల్పనో తేల్చగలిగినవాళ్ళు లేరు.

నాన్న వచ్చే చోటు మాత్రం అందరం మెదలకుండా చూసేవాళ్ళం. గ్రూపు ఫోటోకు జనం నిలబడుతుంటారు. నాన్న అక్కవైపు చేయి చూపించి ఏదో అంటాడు. అక్క తలూపి పక్కకు వెళ్ళిపోతుంది. "పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు, కాసేపు కూర్చోమ్మా అన్నాడు" అని చెప్పేది అక్క. నాన్న ఎవరితోనూ అంత మెత్తగా మాట్లాడిన మనిషి కాదు. అందుకే ఆ ముక్కను పిల్లలు మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించి చూసేవాళ్ళు. గోడ మీది గ్రూపు ఫోటోలో పెళ్ళికూతురి ముస్తాబు గురించి అడిగినవాళ్ళు కూడా అక్క ఎందుకు లేదని అడగలేదు. అందరికీ తెలుసు, నాన్న కూర్చోమన్నాడు.

నిరుడు ఆ వీడియో ఆయన కొడుకు స్టూడియో మూసేస్తూ, పాటలు కలపకముందు టేపుల్లో ఉన్నదంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. పదకొండు ఫైళ్ళు. కొన్ని ఏవీఐ, కొన్ని ఎంపెగ్, రెండు ఎంఓవీ. టీవీలో బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ప్లేయరు కొన్నిటిని తెరవనే లేదు. తెరిచినవాటికి, ఈ ఆడియో వినాలంటే అప్‌గ్రేడ్ కొనమంది. తూకం చూడకుండా ఏదీ కొనే అలవాటు నాకు లేదు. కానీ అందులో నాన్న గొంతు ఉంది. కొన్నాను. నచ్చకపోతే పదిహేను రోజుల్లోగా డబ్బు వాపసు అని రాసి ఉంది కాబట్టి, ఆ లోపల అన్ని ఫైళ్ళూ సరిచూడాలనుకున్నాను.

బొమ్మ వస్తోందా, శబ్దం వస్తోందా అన్నది నేనే చూసుకోగలను. రెండూ కలిసి నడుస్తున్నాయా అన్నదగ్గర నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు. అప్పుడే పొన్నూరు నుంచి అక్క వచ్చింది. వరండాలో మిరపకాయల రాశి ముందు కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరడంలో మా ఆవిడకు సాయం చేస్తోంది. ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ఎదురుగా స్టూలు మీద పెట్టాను. దాని స్పీకరు పాడైంది, ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టుకున్నాను.

"అక్కా, వాళ్ళ పెదవి కదలగానే నువ్వు వేలెత్తు. నాకు మాట వినపడగానే నేనెత్తుతా."

మా ఆవిడ మమ్మల్ని కాసేపు చూసి, "ఒంటికా, రెంటికా?" అంది. అక్క ఆ మాటనూ పట్టుకుంది. "నీ మొగుణ్ణి అడుగు, బళ్ళో కూడా వాడికదే పని" అంది.

మొదటి ఫైల్లోనే మేనత్త. అక్క వేలూ నా వేలూ ఒకేసారి లేచాయి. పప్పుచారులో ఇంత ఉప్పెవడు కొట్టాడ్రా. అక్షరం తేడా లేదు.

"వదినా, ఇన్నేళ్ళూ నువ్వు కల్పించి చెబుతున్నావనుకున్నా" అంది మా ఆవిడ.

"కల్పించేంత తీరిక నాకెక్కడిదే?"

మూడో ఫైల్లో అక్క వేలు ముందు లేచింది, నాది కాస్త వెనకబడింది. శబ్దాన్ని ముందుకు జరిపే వీలు ఆ ప్లేయరులో ఉంది. రెండు వేళ్ళూ కలిసేదాకా జరిపాను. ఒక్కో ఫైలూ అయ్యాక మిల్లులో తూకాలు రాసే పాత తక్‌పట్టీ వెనక టిక్కు పెట్టుకుంటూ ఆరు పూర్తిచేశాను. ఆరింటిలోనూ అక్క చెప్పిన ప్రతి మాటా సరిపోయింది.

ఏడోది తెరిచాను. నాన్న గొంతు సవరించుకున్నాడు. నేను గుర్తుపెట్టుకున్నదానికన్నా సన్నటి గొంతు. అక్క వేలెత్తింది, నేనూ ఎత్తాను.

"దాన్ని పక్కకు పంపండ్రా. వినపడి చావదు, దిక్కులు చూస్తది. పెళ్ళివారి ముందు నామర్దా."

తెర మీద అక్క తలూపి పక్కకు వెళ్ళింది.

శబ్దం జరిగిపోయి వేరేవాళ్ళ మాటేమైనా వచ్చి పడిందేమోనని ఆ తొమ్మిది సెకన్లూ వెనక్కి తిప్పాను. మళ్ళీ రెండు వేళ్ళూ ఒక్కసారే లేచాయి. ప్లేయరు తప్పేమీ లేదు.

"మామయ్యగారు ఏమన్నారండీ?" అంది మా ఆవిడ.

అక్క తెర వదిలేసి నా మొహం చూస్తోంది. నా పెదవులు చూస్తోంది.

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు, కాసేపు కూర్చోమ్మా అన్నాడు" అన్నాను. నెమ్మదిగా, మాట మాటకూ పెదవులు బాగా కదిలేట్టు.

"వదిన చెప్పిందేగా" అని మా ఆవిడ మళ్ళీ కాయల్లో పడింది.

 అక్క చేతిలోని తాలుకాయను పక్క కుప్పలో వేసి, "చెప్పాగా. మరి టిక్కు పెట్టవేంరా?" అంది.

పెట్టాను.

"గొంతు ఎట్టా ఉంది? నా చిన్నప్పుడు కొంచెం జీర ఉండేది నాన్నకి."

"ఉందక్కా. అట్టాగే ఉంది."

దానికి మాత్రం నవ్వింది. "అయితే డబ్బులు దండగ కాలేదు" అంది.

పొద్దుగూకేలోపు మిగతా నాలుగూ చూశాను. అన్నీ తెరుచుకున్నాయి, అన్నిటిలో శబ్దం వచ్చింది. వాపసు అడగలేదు. ఇప్పుడు పిల్లలు వచ్చినప్పుడు వేరే స్పీకరు తగిలించి అన్ని ఫైళ్ళూ గట్టిగా సౌండు పెట్టి చూపిస్తాను. ఏడో దాని దగ్గర సౌండు తీసేసి, అత్తనే అడగమంటాను. ఆమె ఎప్పటిలాగే చెబుతుంది.

అక్క ఎందుకు అలా చెబుతూ వచ్చిందో, నేను ఏం విన్నానో మా మధ్య ఇంతవరకూ మాట రాలేదు. పదకొండు ఫైళ్ళకూ టిక్కులున్నాయి. అక్కకు నేను ఇంకా బాకీ ఉన్నది తొమ్మిది సెకన్లు.