అమ్మతల్లి మీద వేసిన నింద

మా మేనమామ పోయిన సంగతి మా కాలేజీ అటెండరు చెబితే తెలిసింది. అటెండరుదీ మా ఊరి వైపే, చిన్నకోడూరు. ఇంటివాళ్ళెవరూ నాకు ఫోన్ చేయలేదు. రెండేళ్ళుగా మామకూ నాకూ మాటల్లేవు మరి.

నేను సిద్దిపేటలో జువాలజీ చెప్పి బతుకుతున్నానంటే ఆయన చలవే. చెరువులో చేపలు పట్టేవాడు. వలలో పడ్డ కొర్రమట్టను తీసి ముందు బొటనవేలితో వీపు నిమిరేవాడు. జిగురు పలచబడిందనిపిస్తే ఆ రోజు వల మళ్ళీ వేసేవాడు కాదు. "జిగురే దాని అంగి, కోడలా. అంగి చినిగినంక సలి ఆగుతదా?" అనేవాడు. సముద్రపు చేపలకూ ఒంటి మీద పుండ్లు పడతాయని, మురుగు కలిసేచోట ఎక్కువని నేనోసారి చెబితే, "గంత పెద్ద సముద్రానికి గూడ గిదే గోసనా?" అని నొచ్చుకున్నాడు. చేతిలో చుట్ట వెలిగించడం కూడా మరిచిపోయాడు.

రెండేళ్ళ కింద చలికాలంలో మా ఊరి చెరువు చేపలకు ఎర్రటి పుండ్లు లేచాయి. మేత ముట్టక, ఈదలేక, ఒడ్డుకు కొట్టుకొచ్చి కొంగల పాలయ్యేవి. చేపలకు అమ్మతల్లి పోసిందని ఊరంతా ఒకటే మాట. మనుషులకు పోసినప్పుడు చేసినట్టే నీళ్ళలో వేపాకు, పసుపు చల్లారు. మామ మాత్రం నన్ను చెరువులోకి వచ్చే ఎగువ వాగుకు తీసుకెళ్ళి కోళ్ళ ఫారం పైపు చూపించాడు. నల్లటి నీళ్ళు వాగులోకి దిగుతున్నాయి.

"తల్లి కాదు బిడ్డా, గిదే. సదువుకున్నదానివి, ఊరి మీటింగుల నువ్వే చెప్పు. నీ ఎన్క నేనుంట" అన్నాడు.

మర్నాడు ఆయన వియ్యంకుడు, కూతురి మామగారు, వచ్చి వెళ్ళాడు. ఆ ఫారంలో వియ్యంకుడికి వాటా ఉందని మామకు అప్పటిదాకా తెలియదు.

అప్పటికి నాకు ఇవేవీ తెలియవు. మీటింగులో లేచి అంతా చెప్పాను. "నిజమేనా అన్నా?" అని ఎవరో మామను అడిగారు. ఆయన నావైపు చూడలేదు.

"పైపు లేదు, ఏం లేదు. తల్లి కోపం గిది, బోనం తీద్దాం. మా కోడలు బుక్కుల్ల సదివింది చెప్తున్నది."

అందరూ నవ్వారు. నా తల కొట్టేసినట్టయింది.

బయట పట్టుకుని అడిగాను. "బిడ్డ కాపురం ఉన్నది గద, కోడలా" అన్నాడు నేల చూస్తూ. మరి నా మాటేం కావాలంటే తువ్వాల దులిపి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. బోనం తీశారు, డప్పులు మోగాయి, పైపు అలాగే ఉంది. ఎండాకాలానికి చెరువులో వల వేయడమే మానేశారు. వల వేసేవాళ్ళలో సగం మంది పని వెతుక్కుంటూ భివండి పోయారు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాశాను, అదంతా నిజమే. కానీ ఆయన నన్ను మోసం చేశాడు. అన్నీ నేర్పి, నేర్చుకున్నది నలుగురిలో చెప్పిన రోజే నన్ను ఒంటరిని చేశాడు. అది ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మూడోనాడు ఆయన పేరున పిట్టకు ముద్ద పెట్టడానికి చెరువు గట్టుకు వెళ్ళాం. చెరువు బాగున్నన్నాళ్ళూ చేపల కూర లేకుండా ఆయనకు ముద్ద దిగేది కాదు. ఆయన కూతురు సిద్దిపేట మార్కెట్లో ఐసులో పెట్టిన సముద్రపు చేప కొని వండింది. ఆ ఇంట్లో చేప కొనడం అదే మొదటిసారి.

"ఇంకేం దొరకలే, వదినా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

కాకి వచ్చి ముట్టింది. మామ కూతురు అన్నం గిన్నెను చెరువు అంచున ముంచి కడిగింది. ఇదివరకైతే మెతుకు పడగానే చేపపిల్లలు ముసురుకునేవి. అందరం అలవాటుగా వంగి చూశాం. మెతుకులు మెల్లగా దిగి, అడుగు బురద మీద తెల్లగా అలాగే ఉండిపోయాయి.