నాలుగో భాగం దండగ

హిందీ మాట్లాడే ఊళ్లోని రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో యుగంధర్‌ని ఏ సంగతి అడిగినా ముందు తెలీదంటాడు. రేషన్ కార్డులో పేరు మార్పించడం తెలీదు, గ్యాసు బండ బుక్ చేయడం తెలీదు, కూరగాయల బండివాడితో బేరమాడడం అంతకన్నా తెలీదు. 'గ్రే రివర్' అనే వీడియో గేమ్ సంగతి అడిగారా, ఇక మీ టీ చల్లారిపోవలసిందే. యుద్ధంలో లోకమంతా కాలి బూడిదయ్యాక మిగిలిన నలుగురు మనుషులూ నీళ్ల కోసం కొట్టుకు చచ్చే ఆట అది. కొన్నేళ్లకో భాగం చొప్పున వస్తోంది. వాటిలో ఏది గొప్పది, ఏది దండగ అని తేల్చడమే ఆ మహానుభావుడి జీవితాశయం.

మొదటి భాగం కాలేజీ రోజుల్లో స్టేషన్ దగ్గరి ఇంటర్నెట్ కెఫేలో ఆడాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరుగా స్థిరపడిన తండ్రి, మావాడు కంప్యూటరు నేర్చుకుంటున్నాడని నలుగురికీ చెప్పి మురిసిపోయేవాడు. రెండో భాగం నాటికి ఇంట్లోకే ఒక పాత కంప్యూటరు వచ్చింది. మూడో భాగం వచ్చిన ఏడాది తండ్రి పోయాడు. పోయినవాళ్ల కుటుంబానికి రైల్వే ఇచ్చే కొలువు కొడుక్కి గుమాస్తాగిరీ రూపంలో దక్కింది, క్వార్టరు నిలిచింది. నాలుగో భాగం నాటికి విజయనగరం నుంచి త్రివేణి కోడలిగా వచ్చింది. తన పెళ్లి ఎప్పుడయిందని అడిగితే నాలుగో భాగం ముందా వెనకా అని ఆలోచించుకుని చెప్పే మనిషి యుగంధర్.

ఇలాంటి మనిషికి ఇంటర్నెట్లో ఒక వీడియో ఛానెల్ లేకుండా ఎలా ఉంటుంది? హిందీలో ఆటల ఛానెళ్లు కోకొల్లలు కనుక తెలుగులో పెట్టాడు. అతని తెలుగులో సగం హిందీయే. ఆంధ్రాలో చూసేవాళ్లు ఆ యాసకి నవ్వుకుంటూనే చూసేవారు. చెప్పేది మాత్రం ఎప్పుడూ ఒకటే. మొదటి భాగంలో తుపాకీ కన్నా మాటకి పదునెక్కువ. ఊరికి ఒకే బావి, దాన్ని ఎవరికి అప్పగించాలో నువ్వే తేల్చాలి, మాట తప్పుగా అన్నావా ఆ ఊరు ఆట ఆఖరు దాకా నిన్ను క్షమించదు. మూడో భాగానికి మాట పోయి తుపాకీ మిగిలింది. నాలుగో భాగంలో ఏకంగా ఇళ్లు కట్టుకోమన్నారు. లోకం మునిగిపోతుంటే గోడలూ తలుపులూ ఏమిటని యుగంధర్ దాన్ని మొదటి ఊరు దాటకుండానే వదిలేశాడు.

కిందటి వేసవిలో నాలుగు భాగాలనీ పక్కపక్కన పెట్టి ఒక పెద్ద వీడియో చేయబోయాడు. నాలుగో భాగం చూపించడానికి తన దగ్గర ఏమీ లేదు. కంప్యూటర్లో వెతికితే ఎవరో చాలా దూరం ఆడి దాచుకున్న ఆట కనబడింది. రైల్వే పరీక్షల కోచింగుకని వచ్చి కొన్నాళ్లున్న బామ్మర్ది వివేక్‌దే అయ్యుంటుందనుకున్నాడు. ఇంట్లో ఇంకెవరున్నారు ఆడడానికి?

తెరిచి చూసి పడీపడీ నవ్వాడు. ఆడినవాళ్లు నీళ్లు వెతకలేదు, ఒక్క శత్రువునీ చంపలేదు. కాలిపోయిన ఊరి చివర ఒక ఇల్లు కట్టుకుని కూర్చున్నారు. ముందు అరుగు, అరుగు మీదికి పాకిన పాదు, లోపల ఒక గది. ఆ గదిలో కిటికీ పక్కన ఒకే ఒక్క కుర్చీ, ఒక దీపం. తలుపుకి లోపలివైపు గడియ. నడవడానికి వీలైన చోటల్లా తిరిగి ఆ ఇల్లంతా వీడియోలో చూపించాడు యుగంధర్.

ఆదివారం మధ్యాహ్నం కొత్త వీడియోని టీవీలో పెట్టి అందరూ కలిసి చూడడం ఆ ఇంటి ఆనవాయితీ. పక్క క్వార్టర్లవాళ్లు కూడా వచ్చారు. తెర మీద ఓ మూల యుగంధర్ ముఖం, హాలంతా అతని గొంతు మోగిపోతోంది.

"చూడండి భాయ్, దునియా మొత్తం ఖతమ్! మావాడు మాత్రం లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరొస్తారని రా బాబూ? కుర్చీ కూడా ఒక్కటే, మెహమాన్ వస్తే నిలబడాలా? నాలుగో భాగం ఆడేవాళ్ల దిమాక్ ఇదీ! థాంక్స్ రా వివేక్ బామ్మర్దీ!"

హాలంతా గొల్లుమంది. యుగంధర్ తల్లి బంగారమ్మ కళ్లు తుడుచుకుంటూ, "గెడెందుకర్రా లోపల్నించి? ఎవులూ మిగల్లేదంటన్నాడు గదా!" అంది. మళ్లీ నవ్వులు. త్రివేణి మిరపకాయ బజ్జీల పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. "అలా సూస్తావేటే, సల్లారిపోతన్నాయి, తే" అని అత్తగారు కేకేసే దాకా కదల్లేదు. తన ప్రతిభకి మైమరచిందనుకున్నాడు మొగుడు. దీపం కింద చీకటంటే ఇదే మరి.

మర్నాడు ఆఫీసులో టిఫిను డబ్బా తెరుస్తుంటే వివేక్ ఫోన్ చేశాడు.

"బావా, నా పేరెందుకు చెప్పేవు? నేనా ఆట ముట్టుకోలేదు."

"మరి ఎవరిది రా?"

"అక్కది. మధ్యాహ్నం అత్తయ్యగారు పడుకున్నప్పుడు ఆడుతుంది. నేనే నేర్పేను. నీకు చెప్పొద్దంది, నవ్వుతావని."

యుగంధర్‌కి తల కొట్టేసినట్టయింది. క్వార్టర్లో ఉన్నవి రెండే గదులు. ఒకటి అమ్మది. రెండోది హాలు, పగలు మంచం మడిచేస్తే అందరిదీ. వంటింటికి తలుపు లేదు, కర్టెనే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి తన వెనక వేసుకోవడానికి త్రివేణికి స్నానాలగది తలుపు తప్ప ఇంకో తలుపు లేదు. ఆ సంగతి అతనికి ఆ క్షణం దాకా తట్టనే లేదు. ఆ గడియనే పట్టుకుని ఊరందరి ముందూ నవ్వాడు. మొదటి భాగంలో ప్రతి మాటకీ లెక్కుంటుందని చాటే పెద్దమనిషి తన నోటికి మాత్రం ఏ లెక్కా పెట్టుకోలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బంగారమ్మ భజనకి వెళ్లింది. చెప్పులు విడవకుండానే కంప్యూటరు పెట్టి చూశాడు. ఆ ఆట లేదు.

"త్రివేణీ, నీ ఇల్లు..." అన్నాడు, ముఖం చెల్లక తెర వైపే చూస్తూ.

"తీసేశాను." వంటింట్లోంచి వచ్చి కొంగుకి చేతులు తుడుచుకుంది. "జాగా చాలడం లేదని మీరే గోల పెడతారు కదా."

"నాకు తెలీదు. కసమ్, ఒట్టు. నువ్వని తెలిస్తే..."

"నేనని తెలిస్తే ఏటి? ఆ ఇల్లు బాగుందనేవారా?"

బాగుందని అనేవాడు కాదు. ఇంట్లో నవ్వి ఊరుకునేవాడు, అంతే తేడా. ఆ మాట తనకే తెలిసి ఇంకా సిగ్గేసింది. జేబులోంచి ఫోను తీశాడు. అతను ఛానెల్ పెట్టినప్పటి నుంచి ఇంతమంది చూసిన వీడియో ఇంకోటి లేదు.

"అభీ, ఇప్పుడే వీడియో తీసేస్తాను. ఎవరికీ కనబడదు."

"ఆగండి," అని చెయ్యి పట్టుకుంది త్రివేణి. "నా ఇల్లు ఇక అందులోనే కదా ఉంది."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. త్రివేణి ఫోను తీసుకుని, ఆ వీడియో పెట్టి, అతని గొంతు వినబడకుండా చేసి, మడిచిన మంచానికి ఆనుకుని కూర్చుంది. అరుగు వచ్చింది, పాదు వచ్చింది, తలుపు తెరుచుకుంది. తెర మీద ఓ మూల యుగంధర్ పగలబడి నవ్వుతున్నాడు. త్రివేణి ఆ ముఖాన్ని బొటనవేలితో కప్పేసి, తన గది చూసుకుంది.