మామగారి ఎడమ చెయ్యి

మా మామగారిని ఊరంతా ‘చెయ్యి పెద్దాయన’ అంటారు. భుజం దాకా తొడుగు వేసుకుని, ఆవు పేడ దారిలో ఎడమ చెయ్యి పెట్టి, గర్భసంచిని తడిమి చూడిదో కాదో చెప్పడం ఆయన పని. నేనూ అదే పనిలో శిక్షణ పొంది వచ్చాను. ఏడాదయినా ఆవుల్ని పట్టుకుని నిలబడటం తప్ప చెయ్యి పెట్టనివ్వలేదు. ‘ఒడ్డున కూర్చుని ఈత నేర్చావు అమ్మాయ్,’ అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఈ మధ్య రెండు చేతులకీ తిమ్మిరి వస్తోందని అత్తయ్యతో అన్నారట. అదెంత దాకా వచ్చిందో నెల కిందట తెలిసింది. చూడి కాదు, వట్టిదని ఆయన చెప్పిన ఆవును ఒక రైతు కబేళాకు అమ్మేశాడు. అక్కడ దాని కడుపులో దూడ బయటపడింది. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయనే రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నిన్న పాల డెయిరీ యజమాని కబురు పెట్టాడు. పూటకు బిందెడు పాలిచ్చే ఆవు. తిన్నదంతా పొదుగుకే ధారపోసే ఇలాంటి వాటికి ఒంట్లో సత్తువ మిగలదు, చూలు నిలవడం కష్టం. ఎదకొచ్చినా అరవవు. దాన్ని మూగ ఎద అంటాం. అందుకే ఎద కనబడలేదు కాబట్టి చూడి కట్టిందని నమ్మడానికి లేదు.

‘చూలు నిలవడానికి మూడుసార్లు సూది వేయించా పెద్దాయనా. పాలూ తగ్గుతున్నాయి. వట్టిదంటే రేపే కబేళా బండి ఎక్కిస్తా. మీ మాటే ఖాయం,’ అన్నాడు యజమాని.

మామగారు చెయ్యి పెట్టారు. మామూలుగా రెండు మాటలు మాట్లాడేలోపే చెప్పేసే మనిషి, ఈసారి చెమటతో తడిసిపోయారు. ఏదో ఒకటి అనేయొచ్చు, కాదనేవాళ్ళు లేరు.

చెయ్యి బయటికి తీసి, ‘తెలీట్లేదు,’ అన్నారు.

యజమాని నవ్వాడు. ‘మీకెప్పుడూ వేళాకోళమే!’

‘వేళాకోళం కాదయ్యా. వేళ్ళకి తెలీట్లేదు. మా కోడలు చూస్తుంది.’

నేను తొడుగు వేసుకున్నాను. గర్భసంచి ఒక పక్క లావుగా, నీళ్ళు నిండిన బుడగలా తగిలింది. మెల్లగా పట్టి వదిలితే లోపలి పొర వేళ్ళ మధ్య నుంచి జారింది. మరోసారి చూసుకున్నాను.

‘చూడిదే మామయ్యా. రెండో నెల.’

‘మీరూ ఓసారి చూడండి పెద్దాయనా,’ అన్నాడు యజమాని. డాక్టరు చెప్పినా తన చేత్తో చూసుకోకుండా ఒప్పుకునే మనిషి కాదు మామగారు.

‘అమ్మాయి చెప్పిందిగా,’ అన్నారు.

ఏడాదిగా ఎదురుచూసిన మాట. సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన తన తొడుగు విప్పుకోబోయారు. వేళ్ళకు అంచు దొరకలేదు. రెండోసారీ దొరక్క, చెయ్యి నా వైపు చాపారు.