రంగూన్‌లో మేస్త్రి గారింట్లో

ఇది ఇన్నాళ్లూ రాయలేదంటే నాకు అక్షరాలు రాకపోవడమే కారణం. పలాసలో మా పక్కవాటాలో ఉండే మాస్టారి భార్య నాచేత పలక పట్టించేనాటికి నా తల సగం నెరిసింది. అంతకు ముందు ఎవరిచేతైనా రాయించి ఉండవచ్చు. కానీ మొగుడు పోయినదాని సంగతి అనగానే రాసేవాళ్లు తమంతట తామే ఏడుపు కలుపుతారు. ఇందులో ఏడుపు లేదు.

రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసే మా ఆయన రమ్మని కబురు పెడితే బారువ రేవులో ఓడెక్కాను. నేను దిగేసరికి ఆయన కలరాతో పోయి, దహనం కూడా అయిపోయింది. ఆ మాట చెప్పింది మిల్లు మేస్త్రి. టెక్కలి దగ్గర రావివలస మనిషి. బర్మా ఆవిడను పెళ్లాడి అక్కడే ఉండిపోయాడు. తిరుగు ఓడ దొరికేదాకా ఉండమని నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. చెప్పింది విన్నాను, వెనకే నడిచాను. లోపల ఏమీ కదల్లేదు.

కొయ్య దుంగల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు. నేల చెక్కల సందుల్లోంచి గాలి వచ్చేది. అక్కడ నన్ను చీపురు కూడా ముట్టనివ్వలేదు. ఇంటికొచ్చిన మనిషి పని చేస్తే వాళ్లకు నామర్దా అట. ఉద్దానంలో అత్తవారింట కోడి కంటే ముందు లేచిన కోడలిని, కొబ్బరి మట్టలు అల్లి అల్లి చేతులు కాయలు కాచినదాన్ని, అక్కడ చెక్కల అరుగు మీద కూర్చుని పడవలు చూసేదాన్ని. మేస్త్రి భార్యను వదినా అని పిలిచేదాన్ని. ఆవిడ రోజూ ఏదో చెక్కను సాన మీద అరగదీసి నా చెంపలకు గంధంలా పూసేది, తల దువ్వి పువ్వు పెట్టేది. వద్దనాలని తెలుసు. అనలేదు. బాగుండేది. అన్నం రుచి తెలియకపోయినా చెంపల మీద ఆ చల్లదనం తెలిసేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ తన లావుపాటి చుట్ట నాకిచ్చింది. మా ఊరి అలవాటున నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చాను. ఆవిడ లేచి కేక పెట్టింది. మొగుడి దగ్గర నేర్చిన తెలుగు కదా, అచ్చం మా వైపు యాసే.

“ఓలమ్మో! నిప్పు మింగేత్తంది, సూడు మావా!”

మేస్త్రి పగలబడి నవ్వాడు. “మాయమ్మా అలాగే కాల్సీది. మా ఆడోల్ల నోట్లో నిప్పుంటాది. ఇన్నాల్లకి తెలిసిందా నీకు?”

ఆవిడా అలాగే చేయబోయి నాలుక కాల్చుకుంది. నేనూ నవ్వానేమో. ముఖం కదిలినట్టు గుర్తు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మేస్త్రి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“సెల్లీ, రేపు పొద్దున్న బారువకి ఓడుంది. ఊర్నుంచి మీ అత్తోరింటి మావ కబురెట్టాడు. గాజులు తీయించకుండా ఎన్నాల్లుంచుతావురా అని నన్ను తిట్టిపోత్తన్నాడు.”

“గాజులేటికి తీత్తారు?” అంది వదిన.

మేస్త్రి చెప్పాడు. చుట్టాలంతా చుట్టూ చేరి ఏడుస్తుండగా రాయితో కొట్టి పగలగొడతారని, ఆ తర్వాత ఇక బొట్టూ పువ్వూ ఉండవని.

“సచ్చినోడికి ఈ గాజులేటికి?”

“నోర్ముయ్యే. ఆచారమది.”

“నువ్వు సత్తే నాను తియ్యను. ఇప్పుడే సెప్తన్నాను, ఇనుకో.”

“ఇన్నావా సెల్లీ? ఇదీ నా బతుకు!”

నేను చేతులు చూసుకున్నాను. ఎప్పటికైనా వెళ్లక తప్పదని తెలుసు. అత్తవారిల్లు తప్ప నాకు వేరే ఇల్లు లేదు. రేపే ఎందుకు వెళ్లాలో మాత్రం తెలియలేదు. అయినా మూట కట్టుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి మెట్ల కింద నుంచి పిలిచాడు. “సెల్లీ, బండొచ్చింది!”

చాప మీద నుంచే అన్నాను, “ఈ ఓడకి నాను రాను అన్నా.”

“మరి మీ మావకేటి సెప్పమంతావు?”

“ఒంట్లో బాగోలేదని సెప్పు.”

ఆయన కాసేపు గొణిగాడు. బండి వెళ్లిపోయిన చప్పుడు విన్నాను. పక్కకు తిరిగి మళ్లీ నిద్రపోయాను. ఎండ చాప మీదికి వచ్చేదాకా లేవలేదు.